నాలుగు చుట్ల లెక్క

మా కాలేజీలో క్రీడా దినోత్సవం దగ్గర పడుతుందంటే నాకు భయం. ఆటలంటే కాదు, ఉపన్యాసాలంటే. మైకు ముందు నిలబడ్డ ప్రతి మనిషీ ఆటలు క్రమశిక్షణ నేర్పుతాయనీ, కష్టాలను ఎదిరించే గుండెనిస్తాయనీ, వ్యక్తిత్వాన్ని కడతాయనీ చెబుతాడు. అలా చెప్పేవాళ్లకు స్టేజీ మెట్లు నాలుగెక్కితేనే ఆయాసం. ఈ ఏడు ఆ పని నాకు అప్పగించారు. సివిక్స్ చెప్పే మనిషిని కాబట్టి దేని గురించైనా ఎంతసేపైనా మాట్లాడతానని వాళ్ల నమ్మకం. నమ్మకం నిజమే. కాని ఆటలూ వ్యక్తిత్వమూ అనే విషయం మీద నాకు తెలిసింది ఒకే ఒక్క సంగతి, అందులో నా పరువు పోయే భాగం ఉంది. పిల్లల ముందు చెప్పలేను. ఇక్కడైతే రాయొచ్చు.

నేను పుట్టింది హుస్నాబాద్‌లో. పెళ్లయ్యాక గోదావరి పక్కన ఉన్న ఈ బొగ్గుగనుల కాలనీకి వచ్చాను. మా ఇంటాయన గనిలో సర్వే పనిలో చైన్‌మన్. అంటే భూమి లోపల దారుల పొడవు కొలిచేటప్పుడు టేపు ఒక కొస పట్టుకుని నిలబడే మనిషి. ఇరవై ఏళ్లుగా కొస పట్టుకోవడం తప్ప ఇంకేమైనా తెలుసా అని నేను ఆయన్ని చాలాసార్లు అడిగాను. ఆయన జవాబు చెప్పడు. మా ఇంట్లో మాట్లాడే పని మొత్తం నేనే చూసుకుంటాను.

మా పక్క క్వార్టర్‌లో చెన్నూరు పిల్ల ఒకామె, ఆమె అత్త, ఇద్దరే ఉండేవాళ్లు. భర్త గుండెపోటుతో పోతే అతని బదులు కంపెనీ ఆమెకు ఉద్యోగం ఇచ్చింది. ఉద్యోగమంటే గని ఆఫీసు ఊడ్చడం, కుండల్లో నీళ్లు నింపడం, బల్లలకు చాయ్ అందించడం. ఇంటర్ పాసైన మనిషి. అయినా ఆ ఆఫీసులో ఆమెకు పేరు లేదు. "ఏయ్, చాయ్" అంటే ఆమె అన్నమాట. నాలుగేళ్లు అలాగే పలికింది.

అప్పుడు సెక్యూరిటీ గార్డు పోస్టులకు పనిచేసేవాళ్లలోంచే దరఖాస్తులు అడిగారు. చదువు సరిపోయింది. వయసు ముప్పై అయిదు దాటకూడదు; ఆమెకు ఇంకో రెండు నెలల్లో దాటుతుంది. ఇక మిగిలింది పరుగు. అయిదు నిమిషాల్లో ఎనిమిది వందల మీటర్లు.

కాగితం పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. "అక్కా, నేను ఇస్కూల్ల గూడ ఉరకలే. నాతోని అయితదా?"

అవుతుందన్నాను. బస్సు కోసం తప్ప జన్మలో పరుగెత్తని నేను ఆ మరునాడే కోచ్‌నయ్యాను. ఈల కొన్నాను. ఫోన్లో సమయం చూడడం నేర్చుకున్నాను. ఆమెకు ట్రాక్ ప్యాంటు, బూట్లు కొనిపించాను. నా అర్హత ఏమిటని ఎవరూ అడగలేదు. గొంతు పెద్దదైతే చాలు, మిగతా అర్హతలు లోకం తనంతట తానే ఊహించుకుంటుంది.

మా కాలనీ గ్రౌండు తెల్లవారగానే రిటైరైనవాళ్ల రాజ్యం. ఫస్ట్ షిఫ్ట్ సైరన్ మోగి పనివాళ్లు వెళ్లిపోయాక, వీళ్లు మఫ్లర్లు చుట్టుకుని దిగుతారు. రోజూ ఇరవై అయిదు చుట్లు. అయిదు కిలోమీటర్లని అందరికీ చెబుతారు, అడగనివాళ్లకు ఇంకా వివరంగా చెబుతారు. వాళ్ల పెద్ద, గనిలో పనివాళ్ల మీద అజమాయిషీ చేసే ఓవర్‌మన్‌గా ఉండి దిగిన ఒకాయన. చుట్టు రెండు వందల మీటర్లనీ, నాలుగు చుట్లు ఉరికితే లెక్క సరిపోతుందనీ ఆయనే చెప్పాడు. దానితో పాటు ఆడవాళ్లు ఉరికితే గర్భసంచి జారుతుందనీ, చూసేవాళ్లకు కూడా బాగుండదనీ ఉచితంగా చెప్పాడు. ఆయన నడక చూడలేక మేం ఎప్పుడైనా ఫిర్యాదు చేశామా అని అడిగాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ వారం గ్రౌండులో చాలా ప్రశాంతంగా ఉండింది.

ఆమె అత్త గ్రౌండు పక్కన అరుగు మీద కూర్చుని చుట్టుకొక్క చింతగింజ పక్కకు పెట్టేది. కొడుకు పోయిన ఇంట్లో కోడలు ప్యాంటేసుకుని ఉరకడమేమిటని ఒకామె దీర్ఘం తీస్తే, ఆ ముసలమ్మ లెక్క తప్పిస్తున్నావు లేచి పొమ్మంది. ఆ రోజు నుంచి నాకు ఆమె అంటే గౌరవం. నా కంటే తక్కువ మాటలతో పని చేసింది.

మొదటి వారం కోడలు రెండో చుట్టులోనే కూలబడేది. రెండో వారం మూడో చుట్టు దాకా. పద్దెనిమిదో రోజు నాలుగు చుట్లు పూర్తి చేసింది, నాలుగు నిమిషాల నలభై సెకన్లలో. నేను ఈల అరిగిపోయేటట్టు ఊదాను. సాయంత్రం మిర్చి బజ్జీలు తెప్పించి, మనిషి సంకల్పం గురించి వాళ్లిద్దరికీ ముప్పావుగంట చెప్పాను. ముసలమ్మ నిద్రపోయింది.

మరునాడు ఇంటి తాళంచెవి ఇచ్చిపోదామని మా ఇంటాయన గ్రౌండు దగ్గరికి వచ్చాడు. ఆమె ఉరకడం ఒక చుట్టు చూశాడు.

"గీ చుట్టు రెండొందలు లేదు," అన్నాడు.

నేను ఊరుకునే మనిషినా? ఎట్లా లేదన్నాను. ఓవర్‌మన్ చెప్పాడన్నాను. ఇంతమంది పెద్దమనుషులు ఇన్నేళ్లుగా నడుస్తున్నారు, వాళ్లకు తెలియదా అన్నాను. నేను ఎం.ఏ. చదివానని కూడా అన్నాను, దానికీ గ్రౌండుకూ ఏం సంబంధమో ఇప్పటికీ తెలియదు. ఆయన కొలిస్తే తెలుస్తదని ఒక్క మాటన్నాడు. ఆ ఒక్క మాట మీద మూడు రోజులు కొట్లాడాను. పొద్దున గ్రౌండులో, మధ్యాహ్నం ఫోన్లో, రాత్రి అన్నాల దగ్గర. ఆమె రోజూ నాలుగు చుట్లే ఉరికింది. నేను రోజూ ఈల ఊదాను.

ఆదివారం ఆయన ఎక్కడినుంచో పాత టేపు పట్టుకొచ్చాడు. ఒక కొస ఆయన, ఇంకో కొస ఆమె. నడిచే బాట వెంట మూలమూలకూ సున్నంతో గుర్తులు పెడుతూ మొత్తం తిరిగారు. రిటైర్డ్ రాజ్యమంతా చేతులు కట్టుకుని చూసింది. చివరి గుర్తు దగ్గర లేచి నిలబడి, "నూట యాభై ఎనిమిది," అన్నాడాయన.

జరిగింది ఇది. ఒకప్పుడు ఆ చుట్టు రెండు వందలే. ఎప్పుడో ఒక మూలన నీళ్ల ట్యాంకు కట్టి దాని చుట్టూ గోడ పెట్టారు. ఇంకో మూలన తుమ్మపొదలు పెరిగితే ముళ్లకు భయపడి అందరూ లోపలికి నడవడం మొదలుపెట్టారు. బాట ఏటా కొంచెం లోపలికి జరిగింది. లెక్క మాత్రం జరగలేదు. డాక్టర్లకు అయిదు కిలోమీటర్లని చెప్పి మందులు రాయించుకుంటున్న పెద్దలు నడుస్తున్నది నాలుగు కూడా కాదు. మరొక రోజైతే నేను ఆ ముఖాలు చూసి పండగ చేసుకునేదాన్ని.

ఓవర్‌మన్ టేపు సాగిందన్నాడు. ఎండకు ఇనుము సాగుతుందట. మా ఇంటాయన జవాబు చెప్పకుండా టేపు చుట్టుకున్నాడు. ఇరవై ఏళ్లలో మొదటిసారి ఆ మౌనం నాకు జవాబులా కనిపించింది.

ఆమె సున్నం గుర్తు మీదే కూర్చుండిపోయింది. నాలుగు చుట్లంటే ఆరు వందల ముప్పై రెండు మీటర్లు. మిగిలిన దూరం ఎక్కడినుంచి తేవాలి? పరుగు పరీక్ష ఇంకో తొమ్మిది రోజుల్లో.

నేను ఓదార్చబోయాను. ఆమె తల ఎత్తింది. గొంతు పెంచలేదు.

"అక్కా, నువ్వు మూడొద్దులు కొట్లాడినవ్ గద. గా మూడొద్దులు నేను పూర దూరం ఉరికేదాన్ని."

నన్ను ఇంతవరకు చాలామంది చాలా అన్నారు. అన్నింటికీ నా దగ్గర జవాబుండేది. ఈల తీసి ముసలమ్మ చేతిలో పెట్టాను.

ఆ తొమ్మిది రోజులు కోచింగ్ మా ఇంటాయన చేతికి పోయింది. కోచింగంటే ఏమీ లేదు. అయిదు చుట్లు, ఆపైన పది మీటర్లకు ఒక సున్నం గీత. ఆయన ఆ గీత దగ్గర నిలబడేవాడు, అంతే, గనిలో కొస పట్టుకుని నిలబడ్డట్టే. మొదటిరోజు ఆరు నిమిషాలకు పది సెకన్లే తక్కువ. ఆమె రెండు పూటలా ఉరికింది. కాలిగోరు ఊడితే గుడ్డ కట్టుకుని ఉరికింది. ఆఫీసులో చాయ్ గ్లాసులు కడిగి వచ్చి ఉరికింది. నేను నీళ్ల సీసా పట్టుకుని నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ తొమ్మిది రోజుల్లో ఎవరి వ్యక్తిత్వమైనా కట్టబడి ఉంటే అది నాదేనని గట్టిగా చెప్పగలను. అంతసేపు నోరు మూసుకోవడం నా ఒంటికి ఎనిమిది వందల మీటర్ల కంటే కష్టం. చివరిరోజు అయిదు నిమిషాల నాలుగు సెకన్లు వచ్చింది. నాలుగు సెకన్లంటే ఎంతో ఆ రోజు తెలిసింది.

ఓవర్‌మన్ తన తప్పు ఒప్పుకోలేదు. కాని మరునాటి నుంచి ఇరవై అయిదు చుట్లకు బదులు ముప్పై రెండు నడుస్తున్నాడు. నేను లెక్కపెట్టాను. ఎందుకని అడగలేదు. చూశారా, మారాను.

పరుగు రోజున బయటివాళ్లను లోపలికి రానివ్వలేదు. గోడ బయట నేను, ముసలమ్మ. లోపల ఈల వినిపించింది. ముసలమ్మ కొంగులోంచి చింతగింజలు తీసి ఒళ్లో పెట్టుకుంది, ఏం లెక్కపెట్టాలో తెలియక అలాగే పట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి కోడలు గోడ పట్టుకుంటూ బయటికొచ్చింది. ప్యాంటు మీద వాంతి మరకలు.

ఎన్ని సెకన్లని నేను అడిగాను. అయ్యిందా లేదా అని అడిగాను. ఊపిరాడక నిలబడ్డ మనిషిని వరుసగా ఆరు ప్రశ్నలడిగాను.

"జర నీళ్లియ్యి అక్కా," అంది. తాగి, ముఖం కడుక్కుని, అత్త పక్కన కూర్చున్నాక చెప్పింది. "నాలుగు యాభై ఎనిమిది."

ముసలమ్మ చింతగింజలన్నీ మళ్లీ కొంగులో కట్టుకుంది.

ఆ తర్వాత మూడు నెలలకు మా ఇంటాయన టిఫిన్ డబ్బా మరిచిపోతే ఇవ్వడానికి గని గేటు దగ్గరికి వెళ్లాను. ఇరవై ఏళ్లుగా ఆ గేటులోంచి అడగకుండా లోపలికి పోయి ఇచ్చి వస్తున్నాను. ఆ రోజు ఖాకీ చొక్కా, టోపీ, నడుముకు బెల్టు పెట్టుకుని ఆమె నిలబడి ఉంది. నా కంటే ముందు ఆఫీసు క్లర్కు ఒకడు గుర్తింపు కార్డు లేకుండా లోపలికి పోబోతే ఆపింది. "మేడం, నేను తెల్వదా" అంటున్నాడతను, చాయ్ కోసం కేకలేసిన వాళ్లలో ఒకడు. తెలుసు, కార్డు చూపించమంది. నాకు కడుపు నిండింది. నవ్వుకుంటూ ముందుకు నడిచాను.

చేయి అడ్డం పెట్టింది.

"పాస్ ఉందా అక్కా?"

నేనెవరో తెలియదా అన్నాను. ఈల ఊది నేర్పింది నేనే గదా అన్నాను. పౌర హక్కుల దాకా పోయాను. ఆమె అంతా విన్నది, రిజిస్టర్‌లో ఏదో రాసుకుంది.

"జర పక్కకు నిలబడు. అన్నను బయటికి పిలిపిస్త."

ఇరవై నిమిషాలు ఎండలో డబ్బా పట్టుకుని నిలబడ్డాను. ఒక్క మాట కూడా మాట్లాడలేదంటే మీరు నమ్మరు, నమ్మకండి కూడా. మాట్లాడాను. ఆమె చేయి మాత్రం దించలేదు.