తలుపు వెనక నవ్వు

స్టూడియోలో ఆమెను బాతు అని పిలిచేవారు. చిన్నబుచ్చాలని కాదు. పేరుమోసిన ఒక బొమ్మల సినిమాలో చెరువు గట్టున బాతు అరుస్తుంది. ఆ అరుపు ఆమెది. సంతలో గోల, పసిపాప ఏడుపు, తలుపు వెనక ముసలమ్మ దగ్గు, ఇలాంటివన్నీ ఆమె ఖాతాలోవే. వీటికి తెర మీద పేరు వేయరు. దగ్గినవాళ్ళందరికీ పేర్లు వేసుకుంటూ పోతే సినిమాకి చోటుండదని సౌండు ఇంజనీరు వేళాకోళమాడేవాడు.

అదే సినిమాలో రాకుమారి గొంతు ఆమె అక్కది.

ఆమెను స్టూడియోకి తీసుకొచ్చింది కూడా అక్కే. "మా చెల్లెలు సార్. ఎవరి గొంతైనా దింపేస్తుంది" అని డైరెక్టరు ముందు నిలబెట్టింది. అబద్ధమేం కాదు. చిన్నప్పుడు అమ్మ గొంతుతో పక్కింటావిణ్ని కేకేసి, ఆవిడ చేతిలో పని వదిలి పరుగెత్తుకొచ్చేసరికి మంచం కింద దూరేది. నాన్న గొంతుతో బడికి ఫోను చేసి తనకే జ్వరమని చెప్పిన ఘనత కూడా ఉంది. దొరికిపోయినప్పుడల్లా అక్క అడ్డం పడేది. "అసలు దీని సొంత గొంతేమిటో ఈ ఇంట్లో ఎవరికైనా తెలుసా?" అని నాన్న విసుక్కునేవాడు.

ఆ సినిమా కథ అప్పట్లో పిల్లలందరికీ నోటికొచ్చు. రాయిగా మారిన అన్నను మళ్ళీ మనిషిని చేయడానికి రాకుమారి దీపం పట్టుకుని అడవి దాటుతుంది. దారిలో ఎవరెంత నవ్వించినా నవ్వకూడదు. నవ్విందా, అన్న రాయిగానే ఉండిపోతాడు. కోతులు పల్టీలు కొడతాయి, ఎలుగుబంటి పాట అందుకుంటుంది, హాలంతా పొట్ట పట్టుకుని నవ్వుతుంది. రాకుమారి మాత్రం మొహం బిగబట్టుకుని నడుస్తూనే ఉంటుంది. చివరికి అన్న లేచి కూర్చుంటాడు. ఇద్దరూ ఇంట్లోకి వెళ్తారు, తలుపు మూసుకుంటుంది, కిటికీలో దీపం కనిపిస్తుంది. అంతటితో సరి. ఆ తలుపు వెనక ఆమె నవ్వే ఉంటుందని అందరికీ తెలుసు. ఎలా నవ్విందో మాత్రం ఎవరూ వినలేదు. హాల్లోంచి బయటికొచ్చే పిల్లలు ఎవరికి తోచినట్టు వాళ్ళు ఆ నవ్వు నవ్వుకుంటూ వచ్చేవారు.

కొన్నేళ్ళకు కంపెనీవాళ్ళకు రెండో భాగం తీయాలని బుద్ధి పుట్టింది. హాళ్ళకు కాదు, సరాసరి వీడియో క్యాసెట్లకు. మొదటిది గీసిన చిత్రకారులు ఇప్పుడు కంపెనీలో లేరు. పాత అడవినే కుడి ఎడమలు మార్చి వాడుకుంటారట. కథలో ఎలుగుబంటి బడి పెడుతుంది, అన్న బద్ధకస్తుడవుతాడు, రాకుమారి పేజీకోసారి పకపకా నవ్వుతుంది. డైరెక్టరు అక్కను పిలిచి కాగితాలిస్తే ఆమె అక్కడే కూర్చుని చదివి తిరిగిచ్చేసింది.

"ఇదేంటి సార్, ఈ పిల్ల ఇంతలా నవ్వుతోంది?"

"అన్న లేచాడు కదమ్మా. ఇంకెవరు వద్దన్నారు?"

"ఆ తలుపు మనమే వేశాం. మళ్ళీ మనమే వెళ్ళి తట్టడం బాగుండదు. నేను చేయను. నా మాట విని మీరూ మానుకోండి."

ఇంటికొచ్చి చెల్లెలితో అదే చెప్పింది. "నా గొంతు లేకుండా ఎలా తీస్తారే? రెండ్రోజులు అటూ ఇటూ తిరిగి వాళ్ళే ఊరుకుంటారు." చెల్లెలు అవునంటే అవునంది.

ఆ వారంలోనే స్టూడియో వరండాలో డైరెక్టరు ఆమెను ఆపాడు. "బాతూ, మీ అక్క గొంతు దింపగలవా?"

అడిగి చెప్తానని అనాల్సింది. కనీసం ఆలోచించుకుంటానని అనాల్సింది. "దింపగలను సార్" అని ఆమె నోరు ఆమెకంటే ముందే అనేసింది. తలుపు వెనక దగ్గీ దగ్గీ విసిగిపోయిన మనిషి. ఒక్కసారి తలుపు ఇవతలికి రావాలనుకుంది. అందులో తప్పేముందని తర్వాత తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది. ప్రతిసారీ అక్కకు చెప్పకుండా చేశానన్న దగ్గరికొచ్చేసరికి ఆ వాదన ఆగిపోయేది.

బొమ్మల సినిమాలకు గొంతులు ముందు రికార్డు చేస్తారు. బొమ్మలు తర్వాత గీస్తారు. హెడ్‌ఫోన్‌లో అక్క పాత మాట ఒకటి వినిపించేవారు, వెంటనే అదే వరసలో ఆమె కొత్త మాట చెప్పేది. మాట్లాడుతున్నప్పటి మొహం, చేతులు చిత్రకారులకు పనికొస్తాయని ఎదురుగా ఒక కెమెరా కూడా పెట్టారు. మాటలన్నీ నల్లేరు మీద నడకలా సాగాయి. నవ్వు దగ్గరికొచ్చేసరికి బండి ఆగింది. పాత రీళ్ళన్నీ తిరగేసినా వినిపించడానికి నవ్వు దొరకలేదు. రాకుమారి ఎప్పుడు నవ్వింది గనక!

"నీకొచ్చినట్టు కానియ్యి" అన్నాడు డైరెక్టరు.

ఆమె నవ్వింది. "ఇది సంతలో ముసలమ్మ" అన్నాడు ఇంజనీరు అద్దం అవతల్నుంచి. ఇంకోలా నవ్వింది. "ఇది దెయ్యం." మళ్ళీ నవ్వింది. "ఇది మన బాతే." అందరూ నవ్వారు. ఆమె మొహం మాడిపోయింది. తన నవ్వేదో వెతుక్కుంటే ఏదీ దొరకలేదు. అప్పుడు కళ్ళు మూసుకుని అక్క నవ్వు నవ్వేసింది.

మైకు ముందు ఎప్పుడూ వినిపించని నవ్వు అది, ఇంట్లోది. ముందు చప్పుడుండదు, భుజాలు మాత్రం ఊగుతాయి. తర్వాత ఊపిరి లోపలికి లాగుతున్నప్పుడు కీచుమని చిన్న కూత. ఆ తర్వాత గట్టు తెగినట్టు ఒక్కసారిగా నవ్వు, దాంతోపాటు పక్కనెవరుంటే వాళ్ళ భుజం మీద ఒక్క చరుపు. పక్కనెవరూ లేక ఆమె మైకు స్టాండును చరిచింది.

"ఇదీ!" అని డైరెక్టరు కుర్చీలోంచి లేచాడు. "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావమ్మా దీన్ని?" ఆ ఊపులోనే, "ఈసారి నీ పేరు వేద్దామా?" అన్నాడు.

"వద్దు సార్" అందామె. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మాటకు ఆమె ఇచ్చుకున్న జవాబు అది.

క్యాసెట్ బజారులోకొచ్చినప్పుడు అక్క అట్ట మీద బొమ్మ చూసి పెదవి విరిచింది గానీ, గొంతిచ్చినదాన్ని ఒక్క మాట అనలేదు. "ఎవరో కొత్తమ్మాయి అయ్యుంటుంది. పోనీలే పాపం, దానికీ ఒక అవకాశం రావాలిగా" అంది. చెల్లెలు టీ గ్లాసులోకి చూస్తూ కూర్చుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క కూతురు ఆ క్యాసెట్ అద్దెకు తెచ్చింది. బావ పేపరు చదువుతున్నాడు. అక్క వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. చెల్లెలు కుర్చీ అంచున కూర్చుంది.

"అమ్మా, ఇది చేసినప్పుడు నీకు జలుబు చేసిందా?" అని పిల్ల వంటింటివైపు అరిచింది.

"అది నేను కాదే. వేరే ఎవరో."

"ఈ రాకుమారేంటి, ఇలా లావైంది?" అన్నాడు బావ తల పైకెత్తి చూసి. మళ్ళీ పేపర్లో పడ్డాడు.

"నేను వెళ్తాను, పనుంది" అని చెల్లెలు లేచింది.

"కూర్చో పిన్నీ, ఇప్పుడు ఎలుగుబంటి పడిపోతుంది!"

ఎలుగుబంటి పడిపోయింది. గుర్రం పక్కన నిలబడ్డ రాకుమారి భుజాలు ఊగాయి. కీచుమంది. ఆ వెంటనే నవ్వు గది నిండా పరుచుకుంది.

"ఏమైందే అక్కడ?" అన్నాడు బావ, పేపరు దించకుండానే వంటింటివైపు. "మాకూ చెబితే మేమూ నవ్వుతాంగా."

"నాన్నా, అమ్మ కాదు, టీవీ!" అని పిల్ల గెంతింది. "అమ్మా, రా! గుర్రాన్ని చరిచింది! నువ్వు నాన్నని చరుస్తావే, అచ్చు అలాగే!"

వంటింటి గుమ్మంలో అక్క నిలబడి ఉంది. చేతుల నుంచి సబ్బు నురగ నేల మీదికి కారుతోంది.

"వెనక్కి తిప్పు" అంది.

పిల్ల తిప్పింది. మళ్ళీ భుజాలు, మళ్ళీ కూత, మళ్ళీ చరుపు. అక్క చివరిదాకా చూసింది. బయటివాళ్ళెవరూ పట్టలేని నవ్వు అది. బయటివాళ్ళెవరూ వినలేదు గనక.

"నువ్వేనా?" అంది, తల తిప్పకుండా.

"ఊఁ" అంది చెల్లెలు. అది మాత్రం తన సొంత గొంతే.

అరుస్తుందేమో అనుకుంది. గెంటేస్తుందేమో అనుకుంది. అలా చేసినా బాగుండేది. అక్క మొగుడివైపు తిరిగింది. "నేను ఇలాగే నవ్వుతానా?"

"అచ్చు ఇలాగే" అన్నాడాయన ఉత్సాహంగా. "మధ్యలో ఆ తుప్పుపట్టిన తలుపు చప్పుడుతో సహా..." అంటూ పెళ్ళాం మొహం చూసి ఆగిపోయాడు.

అక్క లోపలికెళ్ళి మిగిలిన గిన్నెలు కడిగింది.

ఆ తర్వాత రాకపోకలు ఆగలేదు. వెళ్తే టీ ఇచ్చేది, పిల్ల చదువు సంగతులు చెప్పేది. నవ్వడం ఒక్కటే మానేసింది. నవ్వొచ్చినప్పుడు ముక్కుతో చిన్నగా ఊఁ అనేది. మొత్తానికి మానేసిందో, తన ఎదుటే మానేసిందో అడగడానికి చెల్లెలికి మొహం చెల్లలేదు. క్యాసెట్ మాత్రం పిల్లలున్న ప్రతి ఇంటికీ చేరింది. బస్టాపుల్లో, బడి గేట్ల దగ్గర పిల్లలు కీచుమని ఊపిరి పీల్చి పక్కవాడి భుజం చరుస్తున్నారు. తలుపు వెనక నవ్వు ఎలా ఉంటుందో ఇప్పుడు ఎవరూ ఊహించుకోనక్కర్లేదు. ఆ చప్పుడు విన్నప్పుడల్లా ఆమె తల దించుకుని అవతలి పేవ్‌మెంటు మీదికి మారిపోయేది.

మూడో భాగానికి కబురొచ్చినప్పుడు నేరుగా స్టూడియోకి వెళ్ళింది. "నేను చేయను. మొదటిదాంట్లోంచి... అదే, రెండోదాంట్లోంచి ఆ నవ్వు తీసేయండి" అంది ఇంజనీరుతో.

ఆయన జాలిగా చూశాడు. "క్యాసెట్లన్నీ వెనక్కి తెప్పించమంటావా తల్లీ? అది రీల్లో ఉంది. నువ్వు రాకపోయినా నవ్వుతుంది. మూడోదాంట్లో అదే తెచ్చి అతికిస్తాం."

ఆమె అక్కడినుంచి అక్క ఇంటికెళ్ళింది. చెప్పులు విప్పకుండానే, "అక్కా, మూడోది చేయనని చెప్పేశాను" అంది.

"నీ ఇష్టం. ఇప్పుడు నాకు చెప్పడమెందుకు? చెప్పాల్సినప్పుడు చెప్పలేదుగా." ఆ మాటలో కోపం కూడా లేదు. "కూర్చో, టీ పెడతాను."

టీ తాగుతుండగా బావ ఆఫీసు నుంచి వచ్చాడు. లిఫ్టులో వెనకనుంచి చూసి తన స్నేహితుడే అనుకుని, పెద్దాఫీసరు నెత్తి మీద మొట్టాడట. మొట్టి, "ఏరా గుండూ, జీతం పెంచారా?" అని కూడా అడిగాడట. "ఆయన వెనక్కి తిరిగి ఏమన్నాడో తెలుసా? 'ఇంకా లేదు, మీకూ పెంచను' అన్నాడు."

అక్క భుజాలు ఊగడం మొదలుపెట్టాయి. ఊపిరి లోపలికి లాగబోయింది. అంతలో కళ్ళు చెల్లెలి మీద పడ్డాయి. గబుక్కున చేత్తో నోరు మూసుకుంది. మొహం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వు మాత్రం బయటికి రానివ్వలేదు.

చెల్లెలు గ్లాసు కింద పెట్టింది. "వస్తానక్కా."

"అప్పుడేనా? అసలు సంగతి ఇంకా చెప్పలేదు" అన్నాడు బావ.

"పనుంది బావా. నువ్వు అక్కకి చెప్పు."

బయటికొచ్చి తలుపు దగ్గరికి లాగింది. మెట్లు దిగుతుంటే పైన ఏదో చప్పుడు మొదలవబోతున్నట్టు అనిపించింది. విన్నది విన్నట్టు పట్టేసే చెవులు ఆమెవి. అందుకని ఆగలేదు, చెప్పులు మెట్లకేసి టపటపా కొట్టుకుంటూ, ఇంకేమీ వినపడకుండా వీధిలోకి దిగిపోయింది.