చేతులున్న కోపం

ధర్మవరంలో మా ఎదురింటి ఈరక్కకు చదువు రాదు. ఈ మాట చెప్పడానికి నాకే సిగ్గు. ముప్పై ఏళ్ళు బడిలో అయ్యవారుగా పనిచేసి రిటైరైన మనిషిని. ఆమెకు అక్షరాలు నేర్పిస్తానని పూనుకుని ఆరు నెలలకు ఓడిపోయాను. పట్టుచీర మీద నెమలిని నేయమంటే ఒక్క ఈక లెక్క కూడా తప్పదు. 'అ' రాయమంటే మాత్రం "అయ్యవారూ, దీనికి తోక ఎటుపక్క?" అంటుంది.

అలాంటి ఈరక్కకు ఫోనులో చాటింగ్ నేర్పింది గీతాంజలి. ఈరక్క చెల్లెలు నీలావతి కూతురు. హిందూపురంలో ఒక కంపెనీలో పనిచేస్తోంది. మొదట ఆ పసుపు బొమ్మలు చూపించిందట. ఈరక్కకు నచ్చలేదు. "అందరికీ కామెర్లు వచ్చినట్లుండాది. పైగా ఒక్కదానికీ చేతుల్లేవు. చేతుల్లేకుండా కోపం ఎట్ల చూపిస్తారే?" అని అడిగిందట. న్యాయమైన ప్రశ్నే. మా వీధిలో చేతులు కట్టుకుని జగడమాడినవాళ్ళను నేనింతవరకు చూడలేదు.

అప్పుడు ఆ పిల్ల, జపాన్‌వాళ్ళు చుక్కలూ గీతలూ బ్రాకెట్లూ పేర్చి చేసే మొహాలను కీబోర్డులో తెరిచి చూపించింది. గళ్ళ కాగితం మీది డిజైను చదివి చీరలోకి దించే మనిషికి అవి ఒక లెక్కా? వారంలో అన్నీ వచ్చేశాయి. చేతులెత్తే సంతోషం \(^o^)/, ధారగా కారే ఏడుపు (T_T), పిడికిళ్ళెత్తే కోపం ヽ(`Д´)ノ. ముప్పై మంది బంధువులున్న వాట్సాప్ గ్రూపులో ఇక ఈరక్కదే రాజ్యం. కరెంటు పోతే ఏడుపు, పెళ్ళికి పిలవకపోతే పిడికిళ్ళు. ఎవరైనా పొడుగ్గా రాస్తే నా దగ్గరికి తెచ్చి చదివించుకునేది. జవాబు మాత్రం తనే ఒక్క మొహంతో కొట్టేది. నేను ఆరు నెలల్లో చేయలేనిది ఆ పిల్ల వారంలో చేసిందని నాకు కొంచెం మంటగానే ఉండేది. ఉన్నమాట చెప్పాలి కదా.

ఇంతలో అక్కచెల్లెళ్ళకు చెడింది. పెనుకొండలో గీతాంజలి నిశ్చితార్థం రోజున నీలావతి పదిమందిలో "ముహూర్తం చీర షాపులో తీస్తాం" అనేసింది. వాళ్ళ ఇంటి ఆడపిల్లకు ముహూర్తం చీర పెద్దమ్మ మగ్గం మీదే నేయాలి. ఏ ఎరుపు వేయాలా, ఏ అంచు పెట్టాలా అని రెండేళ్ళుగా మనసులో నేసుకుంటున్న ఈరక్క, ఆ మాట వినగానే లేచి తర్వాతి బస్సుకే వచ్చేసింది. తాను కాళ్ళు దించుకునే మగ్గం గుంతలో కూర్చుని ఇంటర్ దాకా చదివించుకున్న చెల్లెలు ఆమె. ఆర్నెల్లు మాటల్లేవు. నీలావతి పెనుకొండలో టిఫిన్ సెంటరు నడుపుకుంటూ గ్రూపులో ఒక్క ముక్కా రాసేది కాదు. పెళ్ళికి నెల రోజులే ఉంది. ఆ చీర తన మగ్గం మీద పడుతుందా లేదా అని ఈరక్కకు ఒకటే దిగులు.

ఒక శుక్రవారం పొద్దున గీతాంజలి గ్రూపులో ఒక షాపు చీర ఫొటో పెట్టి, ఎలా ఉందని అడిగింది. అందరూ బాగుందన్నారు. ఈరక్క వేళ్ళతో దాన్ని పెద్దది చేసి చూసింది. మరమగ్గం నేత! ఒళ్ళు మండిపోయింది. తన దగ్గరున్న కోపాలన్నిటిలోకీ పెద్దదాన్ని వెతికి కొట్టింది:

(╯°□°)╯︵ ┻━┻

ఫోను గూట్లో పెట్టి మగ్గంలో కూర్చుంది. నేతలో ఉంటే ఆమె ఫోను ఎత్తదు.

జపాన్‌వాళ్ళ లెక్కలో అది కోపమొచ్చిన మనిషి బల్లను ఎత్తి తిరగేయడం. కానీ నీలావతి మగ్గాల మధ్య పుట్టిన మనిషి. రెండు గుంజలు, వాటికొక అడ్డకొయ్య, తలకిందులుగా ఎగిరిపోతున్న ఆ వస్తువు ఆమెకు మగ్గంలాగే కనబడింది. అక్క మగ్గం పీకేస్తోంది, అదీ తన మూలంగా! ఏడుసార్లు ఫోను చేసింది. ఎత్తితే కదా.

పదకొండున్నరకు మా వీధిలో ఆటో ఆగింది. నీలావతి దిగింది. చేతుల మీద దోసెపిండి ఎండిపోయి ఉంది. నేను పలకరించినా వినకుండా లోపలికి ఉరికింది. నేనూ వెనకాలే వెళ్ళాను. ఇలాంటివి వదులుకునే రకాన్ని కాదు.

నీలావతి మగ్గం గుంజ పట్టుకుని ఊపి చూసింది. "మగ్గం ఈడే ఉండాదే!"

"యాడికి పోతుంది? కాళ్ళొచ్చినాయా దానికి?" అంది ఈరక్క, తల తిప్పకుండా.

"నువ్వే కదా ఎత్తి పారేస్తాండానని పెట్టినావు!"

"అది కోపం."

"కోపమొస్తే మగ్గం పారేస్తావా?"

"అది మగ్గం కాదే, బల్ల!"

"మన ఇండ్లల్లో బల్ల యాడుండాది అక్కా?"

నేను నవ్వాను. ఇద్దరూ ఒక్కసారే నావైపు చూసిన చూపుకు నా నవ్వు నోట్లోనే ఆగిపోయింది.

నీలావతి గుంత అంచున కూలబడి ఏడ్చింది. "నీ మోకాళ్ళు వాచింటే చూసినా. గుంతలోనుంచి లేసేకి ఎంత అవస్థ పడతాంటివో చూసినా. అందుకే షాపు మాట ఎత్తినా. అందరి ముందర నీ మోకాళ్ళ సంగతి చెప్తే నీకు నామోషీ అనుకుంటి."

"మోకాళ్ళు నావి. పిల్ల మనది," అంది ఈరక్క. గొంతు మాత్రం తగ్గింది. "ఆర్నెల్లు ఒక్క మాట రాయకపోతివే. నాకైతే చదువు రాదు, నీకొస్తాది కదా."

"రోజూ రాస్తాండా అక్కా. పంపేకి చెయ్యి రాదు. చెరిపేస్తాండా."

"ఏమని రాస్తాంటివి?"

"తిన్నావా అక్కా, అని."

ఈరక్క చేతిలో అడ్డపోగు నడిపే నాడె ఆగిపోయింది. ఆమెకు దుఃఖం వచ్చింది, కానీ నా ముందు ఏడవడం ఇష్టం లేదు. చెల్లెలి భుజం పట్టుకుని మెల్లగా లేచింది.

"ఈ చీర రేపటికి అయిపోతుంది. ఎల్లుండి ఎర్రపోగులు ఎక్కిద్దాం. అంచుకు నాడె నువ్వు అందియ్యాల," అంది. వంటింటి వైపు రెండడుగులు వేసి ఆగింది. "తినలేదు. నువ్వూ తినింటావని నాకు నమ్మకం లేదు. రా."