కుదురు నేర్పే బడి

మార్కాపురంలో మా చెల్లెలి కూతుర్ని బడి నుంచి తీసుకురమ్మంటే ఓ మధ్యాహ్నం వెళ్లాను. ఆరేళ్ల పిల్ల. మాటలు ఇంకా రాలేదు, కాళ్లు మాత్రం ఒకచోట నిలవవు. అట్లాంటి పిల్లను చేర్చుకునే బడి దొరకడమే గగనమైంది. తిరగ్గా తిరగ్గా ఈ ప్రైవేటు బడివాళ్లు ఒప్పుకున్నారు.

తరగతి తలుపు తీసే ఉంది. మిగతా పిల్లలు బెంచీల మీద ఉన్నారు. మా పిల్ల గోడవార కుర్చీలో ఉంది. నడుం చుట్టూ చున్నీ తిప్పి, కుర్చీ వెనక ముడేశారు. అది రోజూ వేసే ముడేనని చూస్తేనే తెలుస్తోంది. గొడ్డును గుంజకు కట్టేసినా మేత అందేంత తాడు వదులుతాం.

టీచరమ్మ కంగారుపడలేదు. అదే నాకు ఎక్కువ రోత పుట్టించింది. తమ బడిలో దెబ్బ అనే మాటే ఉండదనీ, పిల్ల రోడ్డు మీదికి పరుగెత్తితే జవాబు చెప్పాల్సింది తామేననీ నింపాదిగా వివరించింది.

"కట్టేయడం అంటారేంది మేడం? కుదురు నేర్పిస్తున్నాం."

బడి నడిపే పెద్దమనిషి కూడా వచ్చి నవ్వాడు. ఆయన చిన్నప్పుడు అయ్యవారు దూలానికి తాడు కట్టి పిల్లల్ని వేలాడదీసేవాడట. కోదండం వేయడమంటే అదీ అన్నాడు, ఈ చున్నీ ఒక లెక్కా అన్నట్టు. ఆ తాడుకు వేలాడి ఆయన నేర్చుకున్నది ఇదన్నమాట. ఛీ.

ముడి విప్పి పిల్లను చంకనేసుకుని ఇంటికొచ్చాను. ఇక ఆ గడప తొక్కనివ్వొద్దని, ఫిర్యాదు చేద్దామని చెల్లెలితో గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అది కూర తరుగుతూనే విన్నది.

"చున్నీ నాదే అక్కా. నేనే ఇచ్చినా, తాడైతే ఒరుసుకుంటాదని. ఈ బడి కూడా పోతే ఇంకేడ చేర్చుకుంటారు?"

దాని మీద కోపం నిలవలేదు. ఆ రోతను ఎవరి మీద కక్కాలో కూడా తెలియలేదు.

అన్నం కలిపి పిల్లను పిలిచాను. పరుగున వచ్చి కుర్చీ ఎక్కింది. చున్నీ చుట్టేవాళ్లకు అడ్డం రాకుండా రెండు చేతులూ పైకెత్తి, కదలకుండా కూర్చుంది. పొయ్యి దగ్గర్నుంచి చెల్లెలు చూసి మురిసిపోయింది.

"చూసినావా అక్కా, ఎంత కుదురొచ్చిందో."