బానెట్ పక్కన ఎడమకాలు

ఉదయం ఆరున్నరకు హిందూపురంలో మారుతి స్టీరింగ్ ముందు కూర్చుని చెప్పులు విడిచాడు. అయిదు నెలల తర్వాత ఇదే మొదటిసారి. చెప్పులు లేకుండా బండి తోలడం ఈ దారిలో పాత డ్రైవర్లకు అలవాటు. క్లచ్ ఎంత దిగిందో అరికాలికే తెలుస్తుందంటారు. మారుతి అరికాలికి తెలుస్తూనే ఉంది. తెలియనిదల్లా ఎడమ పాదం పైభాగానికి, మోకాలి కింద బయటి వైపుకు. ఆ సంగతి బస్సు ఓనరుకు చెప్పలేదు.

పద్దెనిమిదేళ్లుగా అతను హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం పోయే ప్రైవేటు బస్సు తోలుతున్నాడు. మొన్న శ్రావణంలో టాపు మీది చీరల మూట దించబోయి, నిచ్చెన మెట్టు తప్పి పడ్డాడు. ఎడమకాలి ఎముక చిట్లింది. ఆసుపత్రిలో పిండికట్టు వేస్తామన్నారు. ఇంట్లోవాళ్లు వినలేదు. వాళ్ల నాయనకూ, చిన్నాయనకూ ఎముకలు అతికింది నాటుకట్టుతోనే. గుడ్డులోని తెల్లసొన పట్టించి, చుట్టూ వెదురుబద్దలు పేర్చి, మోకాలి దాకా బిగించి కట్టారు. నాలుగో రోజుకే వేళ్లు తిమ్మిరెక్కాయి. కట్టు బాగా పట్టిందనడానికి అదే గుర్తు అన్నారు చూసిన వాళ్లంతా. మారుతి కూడా అదే నమ్మాడు. ఇరవై ఒకటో రోజున కట్టు విప్పితే ఎముక అతుక్కునే ఉంది. పాదం మాత్రం తడిగుడ్డలా వేలాడింది. బద్ద అంచు మోకాలి పక్కన నరాన్ని నలిపేసింది.

నరాల డాక్టరు మోకాలి పక్కన వేలితో తట్టి చూపించాడు. తట్టిన చోటి నుంచి కరెంటు పాకినట్టు జిల్లుమంది. నరం రోజుకు మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందని, ఆ జిల్లు కిందికి దిగుతూ పోతే మంచిదని చెప్పాడు. బలం ముందు రావచ్చు, స్పర్శ ఆలస్యం కావచ్చు, కొంత రాకుండానూ పోవచ్చు అన్నాడు. తాను చెప్పేదాకా బండి ముట్టుకోవద్దన్నాడు.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే మారుతి కాలు తట్టుకుంటూ కూర్చునేవాడు. అతని లెక్కలో మోకాలు హిందూపురం, పాదం ధర్మవరం, జిల్లు ఆ దారిన పోయే బండి.

"ఈ పొద్దు యాడికొచ్చింది బండి?" అని భార్య నిర్మల టీ ఇస్తూ అడిగేది.

"సోమందేపల్లి దాటింది."

నాలుగో నెలలో పాదం పైకి లేచింది. నిర్మల వీధిలో అందరికీ చెప్పుకుంది. కానీ జిల్లు పెనుకొండ దగ్గర, అంటే కాలి నడిమిన, ఆగిపోయింది. రెండు వారాలు అక్కడే ఉంది. నిర్మల అడిగితే పెనుకొండ దాటి చెన్నేకొత్తపల్లి చేరిందని చెప్పాడు. ఆగిపోయిందంటే ఇంతేనా, ఇక రాదా అన్న ప్రశ్న డాక్టరును అడగడానికి భయపడి, వెళ్లాల్సిన రోజు వెళ్లలేదు. బదులుగా ఓనరు రాజశేఖర్ దగ్గరికి వెళ్లాడు. షెడ్డులో నడిచి చూపించాడు. బస్సును రెండు చుట్లు తిప్పి చూపించాడు.

"స్పర్శ వచ్చిందా మారుతీ?"

"వచ్చిందన్నా."

అలా ఈ రోజు స్టీరింగ్ దొరికింది.

బండి కదిలింది. పద్దెనిమిదేళ్లలో ఎన్నడూ లేనిది, గేరు మార్చినప్పుడల్లా మారుతి కళ్లు కిందికి పోతున్నాయి. తొక్కడంలో ఇబ్బంది లేదు. ఎత్తడంలోనే ఉంది. కాలు ఎత్తాననుకుంటాడు, లేచిందో లేదో చూస్తే గానీ నమ్మకం కుదరదు. చూస్తే రోడ్డు మీది చూపు పోతుంది. పెనుకొండకు ఇవతల గొర్రెల మంద అడ్డం వచ్చింది. బ్రేకు పడింది, బస్సు నిలిచింది. మళ్లీ కదిలించేటప్పుడు వేళ్లు పెడల్ అంచుకు తగులుకున్నాయి. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

"ఏమప్పా, కొత్తగా నేర్చుకుంటాండావా?" అన్నాడు కండక్టరు ఉలిగప్ప వెనక నుంచి. "కడుపులో ఇడ్లీలు గొంతుకొచ్చినాయి."

నవ్వులు వినిపించాయి. మారుతి వెనక్కి చూడకుండా మళ్లీ స్టార్టు చేశాడు.

పెనుకొండలో సరోజమ్మ అనే ముసలామె కూరగాయల సంచితో ఎక్కి, బానెట్ పక్కనున్న సీట్లో కూర్చుంది. పాతబస్సు. ఇంజిన్ డ్రైవరుకు ఎడమ పక్కనే ఉంటుంది. దాని మీది బానెట్‌కు రెక్సిను తొడుగు ఉంది గానీ, కింది అంచున చిరిగి రేకు బయటపడింది. ఎక్కి అరగంట దాటాక ఆమె వంగి చూసింది.

"ఏమప్పా, ఆ రేకుకు కాలానించుకోని తోలతాండావే. కాలడంలా?"

మారుతి కిందికి చూశాడు. క్లచ్ వదిలాక పాదం పక్కకు ఒరిగి, వేడి రేకుకు ఆనుకుని ఉంది. చిటికెన వేలికి పైన రూపాయి బిళ్లంత బొబ్బ. చుట్టూ చర్మం కమిలిపోయింది. ఎప్పటి నుంచి అలా ఉందో తెలియదు.

"అలవాటేలే అవ్వా," అన్నాడు.

"గట్టి తోలే నీది," అంది ఆమె మెచ్చుకోలుగా.

ధర్మవరం ఇంకా పదిహేను కిలోమీటర్లు. ఆపి దిగిపోవచ్చు. నడి రోడ్డు మీద యాభై మందికి ఏం చెప్పాలి? కాలిపోతున్నా తెలియని కాలు రేపు క్లచ్ మీద ఇరుక్కుపోతే తెలుస్తుందా? వెనక బళ్లు హారన్లు కొడుతున్నా పట్టించుకోకుండా, ఎడమ అంచునే, ఎద్దుల బండి నడకతో తోలుకుంటూ పోయాడు. ధర్మవరం చేరేసరికి అరగంట లేటు.

జనం దిగాక ఉలిగప్పను పిలిచి కాలు చూపించాడు. ఉలిగప్ప సీసాతో చన్నీళ్లు తెచ్చి పోశాడు. నీళ్లు పడటం మారుతి కంటికి కనిపించింది, కాలికి తెలియలేదు.

"ఎన్నాళ్లుగా ఇట్లుండాది?"

"మొదట్నుంచీ."

ఉలిగప్ప సీసాకు మూత పెట్టాడు. "మందంగా గుడ్డ చుట్టుకో. ఆ రేకుకు గోనెపట్ట కడతా. నేనెవరికీ చెప్పనులే. బలమైతే వచ్చింది గదా."

ఆ మాట మారుతికి తీపిగానే తగిలింది. గుడ్డ చుట్టుకుంటే రేపూ తోలవచ్చు. ఉలిగప్ప అప్పుడే ఒక పాత తువాలు చింపడం మొదలుపెట్టాడు. మారుతి ఫోను తీసి ఓనరుకు చేశాడు.

"అన్నా, తిరుగు ట్రిప్పు నేను తోలలేను. కాలికి స్పర్శ లేదు. అబద్ధం చెప్పినా."



"ముందే చెప్పింటే బండెక్కనిచ్చేవాణ్ని కాదు గదప్పా," అన్నాడు రాజశేఖర్.

"అందుకే చెప్పలేదన్నా."

"ఆడ ధర్మవరంలోనే డ్రైవరు మల్లప్ప ఉండాడు, వాణ్ని ఎక్కించుకోండి. నీ సంగతి..." అని ఆగాడు. "డాక్టరు ఏమంటాడో చూసి చెప్పు. నేనూ ఎన్నాళ్లు ఆగగలనో తెలీదు మారుతీ."

తిరుగు ట్రిప్పులో మారుతి ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. మల్లప్ప గేరు మార్చినప్పుడల్లా మారుతి ఎడమకాలు దానంతటదే నేలను తొక్కుతోంది. సాయంత్రం డాక్టరు దగ్గరికి వస్తానని ఫోనులో పేరు రాయించాడు. నిర్మలకు ఫోను చేసి, పెనుకొండ దాటలేదని చెప్పాడు. ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక "ఇంటికి రా" అంది, అంతే.

బొబ్బ ఉబ్బి, లోపల నీరు పట్టింది. ఉలిగప్ప టిక్కెట్లు కొట్టి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మంట పుట్టిందా?"

మారుతి పాదం మీదికి వంగి, బొబ్బ పక్కన వేలితో నొక్కి చూసుకున్నాడు.

"ఇంకా లేదు," అన్నాడు.