బీరువాలో తొడుగులు

కార్ఖానాలో గిన్నెలను యాసిడ్ తొట్టిలో ముంచి తీసే పెద్దక్కకు గోళ్లు సగం పోయాయి. చట్టం ప్రకారం ఇవ్వాల్సిన చేతి తొడుగులు తనిఖీ రోజున మాత్రమే బీరువాలోంచి బయటికొచ్చేవి. ఆ రోజు కూడా తనిఖీ ముగించుకుని అధికారి గడప దాటగానే సూపర్‌వైజర్ చెయ్యి చాచాడు.

“విప్పి ఇచ్చెయ్ పెద్దక్కా, పాడైపోతాయి.”

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

“మరి నా చేతులు పాడైతే ఫర్వాలేదా?”

“నోరు పారేసుకోకు. పని పోతుంది.”

“పోతే పోనీ!”

గేటుదాకా పరుగెత్తి అధికారి కారుకు అడ్డం నిలబడింది. కారు ఆగగానే పక్కకొచ్చి తొడుగు లాగేసి, పుండ్లు పడ్డ చేతిని కిటికీలోంచి లోపలికి చాపింది.

“అంతా బాగుందని రాశారుగా సారూ, ఇది కూడా చూసి రాయండి!”

అధికారి కారు దిగి, మళ్లీ లోపలికి నడిచాడు. సాయంత్రానికల్లా అందరికీ తొడుగులు అందాయి. తోటివాళ్లు సంబరపడ్డారు. పెద్దక్క మాత్రం ఇన్నేళ్లూ దాచినవాళ్లను తిడుతూనే వాటిని తొడుక్కుంది.