ఎండ పెట్టె

దోహాలో ఆడవాళ్ళ సెలూన్ ఒకదాంట్లో నేను రిసెప్షన్‌లో కూర్చునేదాన్ని. ప్రపంచకప్పు వస్తోందని ఊరంతా తవ్విపోసి క్రేన్లు నిలబెట్టిన రోజులు. మా ఆయన లుసైల్లో, స్టేడియం కట్టే చోట సైట్ ఇంజనీరు. పొద్దున్నే మొహానికి గుడ్డ చుట్టుకుని డ్యూటీకి వెళ్ళి, సాయంత్రానికి మాడిన అట్టులా తిరిగొచ్చేవాడు. అదే ఎండని మేం ఏసీ గదిలో పెట్టి అమ్మేవాళ్ళం.

మనిషి పడుకునేంత పెట్టె అది, ట్యానింగ్ బెడ్ అంటారు. లోపల పైనా కిందా నీలం ట్యూబ్‌లైట్లు. ఒంటి రంగు ముదరాలని తెల్ల దొరసానులు అందులో పడుకునేవారు. మనవాళ్ళేమో తెల్లబడే క్రీములు పులుముకుని చస్తుంటారు, వీళ్ళకిదేం పిచ్చో అని లోలోపల నవ్వుకునేదాన్ని.

నాకు బొల్లి ఉంది. పెళ్ళికి ముందు హైదరాబాద్‌లో డాక్టరుగారు లైటు ట్రీట్‌మెంట్ ఇస్తే మచ్చల్లో రంగు తిరిగొచ్చింది. దోహా వచ్చాక మళ్ళీ పై పెదవి మీదా, కంటి పక్కనా తెల్లగా పొడ కట్టింది. పౌడరేసుకుని నెట్టుకొస్తున్నాను. ఓ రోజు మా మేనేజరమ్మ పిలిచి, మ్యాచులకి విదేశాల నుంచి అతిథులొస్తారు, ముందు కూర్చునే మనిషి మొహం శుభ్రంగా ఉండాలి, లేదంటే వెనక టవళ్ళ గదిలోకి మారుస్తానంది. శుభ్రంగా అట! రెండుపూటలా స్నానం చేసే మనిషిని. ఒళ్ళు మండిపోయింది. కానీ ఆ కుర్చీ అంటే నాకు ప్రాణం. ఎమ్మే చదివి ఏళ్ళ తరబడి వంటింట్లో ఉండిపోయి, నా అంతట నేను సంపాదించుకున్న మొదటి కుర్చీ అది.

ఆసుపత్రిలో స్కిన్ డాక్టరు తేదీ ఇప్పట్లో దొరికేలా లేదు. అప్పుడు నా బుర్రకో గొప్ప ఆలోచన తట్టింది. హైదరాబాద్‌లోనూ లైట్లే, ఈ పెట్టెలోనూ లైట్లే కదా. మధ్యాహ్నం పూట బేరాలుండవు, స్టాఫ్ వాడుకుంటే అడిగేవాళ్ళూ లేరు.

"నేను బయట ఊరికే కాలుతున్నాను కదా, వచ్చి నా పక్కన నిలబడు" అని మా ఆయన వేళాకోళం చేశాడు. ఆయన మాట నేనెప్పుడు విన్నాను గనక. కొన్ని వారాలు ఆ పెట్టెలో పడుకున్నాను. మచ్చల్లోకి రంగు రాలేదు సరికదా, చుట్టూ చర్మం నల్లబడి అవి మరీ కొట్టొచ్చినట్టు కనబడ్డాయి. చివరికి పెదవి మీది మచ్చ ఎర్రగా కమిలి బొబ్బలెక్కింది.

అప్పుడు అర్జెంటుగా చూసిన డాక్టరమ్మ కోప్పడలేదు, తల పట్టుకుంది. ఆసుపత్రి లైటులో పనికొచ్చే కిరణాన్నే ఎంచి, కొలిచి ఇస్తారట, డాక్టరు కనిపెట్టుకుని ఉంటారట. ఈ పెట్టె చర్మం లోపలికంటా దిగే వేరే కిరణాల్ని గుమ్మరిస్తుంది, చర్మ కాన్సర్ ముప్పు పెంచుతుంది, చిన్న వయసులో మొదలుపెడితే మరీను అంది.

"మాది నల్ల తోలు కదా మేడమ్, మాకు రాదు కదా?" అన్నాను.

"తక్కువమందికి వస్తుంది. రాదని ఎవరూ చెప్పలేరు. ఆ మచ్చలో కాపలా కాసే రంగే లేదు, అందుకే అంతలా కాలింది."

భయమేసింది. ఇంటికి తీసుకెళ్తూ మా ఆయన కూడా ఆ రోజు జోకులెయ్యలేదు.

పుండు పక్కు కట్టాక మళ్ళీ డ్యూటీకి వెళ్ళాను. పౌడరు వెయ్యొద్దని డాక్టరమ్మ చెప్పింది, ఉన్న మొహంతోనే కూర్చున్నాను. ఆ పెట్టె కోసం వారం వారం వచ్చే కాలేజీ పిల్ల ఒకతె వచ్చి, కొత్త ప్యాకేజీకి కార్డు తీసి, నా పెదవి చూసి ఏమైందని అడిగింది. మేనేజరమ్మ నా వెనకే నిలబడి ఉంది. వంట చేస్తుంటే నూనె చిట్లిందని చెప్పబోయాను. ఆ పిల్ల ముక్కు మీద చర్మం అప్పటికే పొరలు లేస్తోంది.

"నువ్వు పడుకునే పెట్టెలోనే కాలింది" అన్నాను. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. నమ్మకపోతే నువ్వే వెళ్ళి ఎవరైనా డాక్టర్ని అడుగు అన్నాను. ఆ పిల్ల కార్డు బ్యాగులో వేసుకుని వెళ్ళిపోయింది.

మేనేజరమ్మ అరవలేదు. "యల్లా, ఇక పద" అని టవళ్ళ గది వైపు చెయ్యి చూపించింది.

ఆ కుర్చీ కోసం నా మొహం కాల్చుకున్నాను. దాన్ని నిలబెట్టుకోవడానికి ఆ పిల్లని కూడా కాల్చమంటే నావల్ల కాలేదు. టవళ్ళ గదిలో కూర్చుని కరువుతీరా ఏడ్చాను. కుర్చీ పోయినందుకు ఏడ్చాను, చెప్పినందుకు కాదు.