గాలిసంచికి రెండో ప్రయాణం

మా గిడ్డంగిలో పొద్దస్తమానం టపాకాయలు పేలినట్టు చప్పుడయ్యేది. కొత్తగా చేరినవాళ్లు ఉలిక్కిపడేవారు. మొదటి రోజు నేనూ ఉలిక్కిపడ్డాను. ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ చదివి, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఒక సరుకు రవాణా కంపెనీలో ఉద్యోగంలో చేరాను. ఏ వస్తువు ఎంత వాడుతున్నాం, ఎంత పారేస్తున్నాం అన్నది చూడటం నా పని. ఆ చప్పుడు పారేసే పనిలోంచే వస్తోందని అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

ట్రైలర్‌లోకి సరుకు ఎక్కించినప్పుడు పెట్టెల వరుసల మధ్య ఖాళీలు మిగులుతాయి. లారీ బ్రేకు వేస్తే పెట్టెలు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. అలా కాకుండా అక్కడ ఒక చదునైన సంచిని దూర్చి గాలి కొడతారు. ఆ సంచికి పైన మందపు కాగితం, లోపల ప్లాస్టిక్, మూలన ఒక వాల్వు ఉంటాయి. గాలి నిండగానే అది దిండులా ఉబ్బి అటు వరుసనీ ఇటు వరుసనీ అదిమి పట్టుకుంటుంది. సరుకు దించేచోట దాని పని అయిపోయినట్టే. ఎవరో ఒకరు కత్తితో ఒక్క పోటు పొడుస్తారు. నేను విన్న చప్పుడు అదే.

పొడిచిన సంచి ఎవరికీ అక్కర్లేదు. లోపల ప్లాస్టిక్ ఉందని కాగితం మిల్లువాళ్లు తీసుకోరు. పైన కాగితం ఉందని ప్లాస్టిక్ వాళ్లు తీసుకోరు. చెత్తను నొక్కే కాంపాక్టర్‌లోకి, అక్కణ్ణించి ఊరి బయటి చెత్తదిబ్బకి పోతుంది.

నన్ను కుదురుగా ఉండనివ్వనిది మరొకటి ఉంది. మా భవనంలో ఒకవైపు డోర్ల దగ్గర సరుకు దిగుతుంది, ఎదురువైపు డోర్ల దగ్గర ఎక్కుతుంది. దిగేవైపు సంచులను పొడుస్తూ ఉంటే, ఎక్కేవైపు అదే రకం, అదే సైజు కొత్త సంచుల కట్టలు విప్పుతూ ఉంటారు. రెంటికీ మధ్య ఉన్నది సిమెంటు నేల మాత్రమే. ఆ కొస నుంచి ఈ కొసకి నడిచి చూశాను. నమ్మలేక మళ్లీ నడిచాను.

సరుకు దించి ఎక్కించే ఈ డాక్ మొత్తానికి సూపర్‌వైజర్ మన తెలుగాయనే. భీమవరం వైపు మనిషి. పెట్టెలు మోసే పనిలో చేరి, ఒక్కో మెట్టూ ఎక్కి సూపర్‌వైజర్ అయ్యారు. ఆదివారం మేమిద్దరం ఒకే తెలుగు చర్చికి వెళతాం. అక్కడ ఆయన నాకు అంకుల్. డాక్ మీద కూడా అలాగే పిలిస్తే ఆయన చుట్టూ చూశారు.

“ఇక్కడ అంకుల్ అనకు బాబూ. నిన్నేదో నేనే రికమెండ్ చేసి తెచ్చుకున్నాననుకుంటారు. అందరిలాగే పేరు పెట్టి పిలువు.”

“మిమ్మల్ని పేరు పెట్టి ఎలా పిలుస్తానండీ?”

“అయితే అసలు పిలవకు. ఎదురుగా వచ్చి మాట్లాడు.”

అలా ఎదురుగా వెళ్లి నా ఆలోచన చెప్పాను. సంచిని పొడవొద్దు, వాల్వు తెరిచి గాలి తీద్దాం అన్నాను. గాలి కొట్టే గన్‌కే వెనక్కి పీల్చే ముక్క ఒకటి తగిలించుకోవచ్చు. అలా తీసిన సంచి బాగుందో లేదో చూసి ఎదురువైపు డోర్లకు పంపవచ్చు.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. “అట్టలు దాచమన్నావు, దాచాం. చెక్కలు దాచమన్నావు, దాచాం. ఇప్పుడు గాలి కూడా దాచాలా?”

“గాలి కాదండీ, సంచి.”

“సంచి సంగతి సరే. లోడ్ ఒరిగిపోతే ఎవర్ని అడుగుతారు? నిన్నా, నన్నా?”

“మిమ్మల్నే.”

“చూశావా, ఎంత ఈజీగా అనేశావో.”

ఆయన నవ్వినా అది నవ్వులాట విషయం కాదని నాకు తెలుసు. ఆయన డోర్ల నుంచి వెళ్లిన లోడ్ ఇంతవరకు ఒక్కటీ పాడై వెనక్కి రాలేదు. ఆ మాట ఆయన ఎన్నడూ చెప్పుకోలేదు. లారీ డ్రైవర్లే చెప్పేవారు. అంత దూరం నడిచొచ్చిన మనిషి సంపాదించుకున్న ఆస్తి అది. దాన్ని నా పాత సంచుల మీద పందెం కాయమని అడుగుతున్నాను.

“కొత్త బ్యాగ్ పక్కన పాత బ్యాగ్ పెట్టి చూపించు,” అన్నారు చివరికి. చూపించాను. పొద్దున రెండింటికీ సమానంగా గాలి కొట్టి, షిఫ్టు దిగేముందు గాలి కొలిచే గేజి పెట్టి చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి. ఆయన గేజి చూడలేదు. అరచేత్తో రెండింటినీ నొక్కి, “సరే, ఒక్క డోరు,” అన్నారు.

సాస్ సీసాలు పంపే ఒక కస్టమర్ ఒప్పుకున్నాడు. మా మేనేజర్ ఒకే షరతు పెట్టాడు: ఒక్క లోడ్ పాడైనా అంతటితో ఈ పని బంద్. ఇక మిగిలింది కత్తులు పక్కన పెట్టించడం. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే టెక్సస్ అమ్మాయి ముఖం మీదే అడిగేసింది: “ఈ ఉద్యోగంలో సరదా అంటూ ఉన్నది అదొక్కటి. దాన్నీ తీసేస్తావా?” మాటల్తో ఒప్పించడం నాకు చేతకాదు. గన్ ఆమె చేతికే ఇచ్చాను. సంచి ఒక్క క్షణంలో పీల్చుకుపోయి చప్పిడి దవడలా లోపలికి ముడుచుకుంటే పగలబడి నవ్వింది. అప్పటినుంచి ఆ గన్ ఇంకెవరికీ ఇచ్చేది కాదు.

దగ్గరి ఊళ్లకు వెళ్లిన లోడ్లు క్షేమంగా చేరాయి, వాటి సంచులు గాలి తీసి అవే లారీల్లో తిరిగొచ్చాయి. అట్లాంటా దాకా వెళ్లే మొదటి దూరపు లోడ్ ఎక్కించిన రోజు, తలుపులు మూసేముందు అలవాటు ప్రకారం అంకుల్ ఒక్కో సంచినీ అరచేత్తో నొక్కుతూ వచ్చారు. ఒకచోట ఆగిపోయారు.

“ఇటు రా. ఇది నిన్నటి పూరీ.”

నొక్కి చూశాను. నిజమే, మెత్తబడింది. అది నా పాత సంచుల్లోదే. దాన్ని తీసి కొత్తది పెట్టారు. లారీ వెళ్లాక ఆయన గొంతు తగ్గించి అన్నారు: “నేను చెయ్యి పెట్టకపోయుంటే ఏమయ్యేదో నీకు తెలుసు. గురువారం ఇంకో అట్లాంటా లోడ్ ఉంది. ఎందుకు మెత్తబడిందో అప్పటికి చెప్పు. తెలీదన్నావంటే మళ్లీ కత్తులు బయటికి తీస్తారు. నేను ఆపను.”

నా లెక్కలో గాలి పోవడానికి మూడే దారులు: వాల్వు, అంచున అతుకు, ఎక్కడో మేకు గీసిన చిల్లు. వాల్వే అయి ఉంటుందనుకున్నాను. మెత్తబడిన సంచికి మళ్లీ గాలి కొట్టి, బ్రష్షుతో సబ్బునీళ్లు రాశాను. మా ఊళ్లో సైకిల్ షాపువాడు ట్యూబును తొట్టిలో ముంచి పంక్చర్ పట్టేవాడు, ఇదీ అంతే. వాల్వు దగ్గర బుడగ లేదు. అతుకు దగ్గర లేదు. కాసేపటికి సంచి నడిమధ్యలో సన్నటి బుడగలు లేచాయి. అవి ఒక్కచోట లేవు, స్కేలు పెట్టి గీసినట్టు వరుసగా ఉన్నాయి. వాడిన సంచులన్నీ తెచ్చి రాశాను. మరికొన్నింటికి కూడా సరిగ్గా అక్కడే బుడగలు వచ్చాయి.

అది మడత గీత. గాలి తీసిన సంచులు అరలో పట్టేలా ప్రతిసారీ ఒకే కొలతకి మడిచి పెడుతున్నాం. గట్టి కాగితం అదే గీత మీద పదే పదే విరిగి, లోపలి ప్లాస్టిక్‌ని గిల్లుతోంది. ఇది నాలుగో దారి, దాన్ని తయారుచేసింది మేమే. అంకుల్‌ని పిలిచి చూపించాను. ఆయన వంగి బుడగల వరుస వెంట వేలు పోనిచ్చారు.

“మీ ఆంటీ పట్టుచీరల్ని అప్పుడప్పుడు తీసి మడత మార్చి పెడుతుంది. ఎందుకే అంటే, లేకపోతే మడత దగ్గరే చిరుగుతాయంటుంది,” అన్నారు. “మార్చి మార్చి మడవమని చెబుదామా?”

“మడతే వద్దండీ. చాప చుట్టినట్టు చుట్టేద్దాం.”

చుట్టడానికి లోపల ఏదైనా గుండ్రటిది కావాలి. పెట్టెలకు చుట్టే ప్లాస్టిక్ పొర అయిపోయాక మిగిలే అట్ట గొట్టాలు రోజూ చెత్తలో పడుతూనే ఉన్నాయి. వాటిని ఏరుకొచ్చాను. పారేసే వస్తువు మీద పారేసే వస్తువుని చుట్టి, రెంటినీ అరలో నిలబెట్టినప్పుడు నాకు కలిగిన సంతోషం ఏ పరీక్షలో మార్కులు చూసినా కలగలేదు. ప్రతి ప్రయాణానికీ సంచి మీద మార్కర్‌తో ఒక గీత గీయాలని, ఎక్కించేముందు గేజి పెట్టాలని కూడా నియమం పెట్టాను.

గురువారం లోడ్‌లో అన్నీ పాత సంచులే. అంకుల్ ప్రతిదాన్నీ నొక్కి, చివరిదాని దగ్గర నా వైపు తిరిగారు.

“నీకు నమ్మకమేనా?”

“ప్రతి బ్యాగూ నేనే టెస్ట్ చేశానండీ.”

“నేనడిగింది అది కాదు.”

“నమ్మకమే.”

ఆయన తలుపులు మూసి, సంతకం చేసి, డ్రైవర్‌కి చెయ్యి ఊపారు.

మర్నాడు ఆయన నా ఆఫీసు గదిలోకి వచ్చారు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. డ్రైవర్ ఫోన్ చేశాడట. దారిలో వాన. ముందు కారు ఉన్నట్టుండి ఆగితే, బ్రేకు మీద నిలబడినంత పని చేశాడట. లోపల ఏమైందో తలుపులు తెరిస్తేగానీ తెలీదు. ఇద్దరం ఆయన ఫోన్ కేసి చూస్తూ ఉండిపోయాం. తర్వాత ఫోటో వచ్చింది. అట్లాంటా గిడ్డంగిలో తెరిచిన ట్రైలర్, అంచులు తప్పని పెట్టెల వరుసలు, మధ్యలో ఉబ్బి నిలబడిన గోధుమరంగు సంచులు. ఒక్క సీసా పగల్లేదు. అంకుల్ ఫోటోని వేళ్లతో పెద్దది చేసి ఒక్కో మూలా చూశారు. చూడటం అయ్యాక, “రేపట్నుంచి నా డోర్లన్నీ తీసుకో,” అన్నారు.

ఆయన కారు రిపేరులో ఉండటంతో ఆ సాయంత్రం ఆంటీ తీసుకెళ్లడానికి వచ్చారు. ఆయన వెంట నేనూ బయటికి నడిచాను. కారు ఎక్కకముందే ఆయన కిటికీలోంచి ఫోన్ ఆమె ముఖం ముందు పెట్టారు.

“అట్టపెట్టెలేగా?” అన్నారు ఆంటీ.

“సరిగ్గా చూడవే.”

“చూశాను. ఏం జరిగింది వాటికి?”

“ఏమీ జరగలేదు.”

“ఏమీ జరగకపోతే ఫోటో ఎందుకు తీశారండీ?”

“ఏమీ జరగలేదనే తీశారు,” అని, ఆయన నా భుజం మీద చెయ్యేసి నన్ను కిటికీ దగ్గరికి లాగారు. “ఇదుగో, మేమిద్దరం కలిసి పంపిన లోడ్.”